మంచినీళ్ళ వీధి

హిద్ద్ బజారు నుంచి మా సందుకి
నడిస్తే ఏడు నిమిషాలు.
రొట్టెల పొయ్యి దాటాక ఒక మలుపు,
దర్జీ మిషను చప్పుడు దాటాక ఇంకో మలుపు,
అక్కడితో ఊరు గొంతు తగ్గించేస్తుంది.
ఆ తర్వాత వినపడేవి
ఏసీల మూలుగు, ఎవరి గోడ మీదో పిల్లి,
ఇంకా
సముద్రం అనబడే ఈ పెద్ద పళ్ళెం.

పళ్ళెమే. నేనెరిగిన సముద్రం కొత్తపట్నంలో ఉంది.
బడి బస్సులో వెళ్ళి ఒక్కసారి చూశాను.
అది మీదపడి అరిచింది, ఒక చెప్పు లాక్కుంది.
ఇది అలా కాదు.
పొద్దున గట్టు దాకా వచ్చి పలకరించి
మధ్యాహ్నానికి వెనక్కి జరిగిపోయి
బురదనీ, పీతల్నీ, ఎవరిదో విరిగిన కుర్చీనీ
ఎండబెట్టుకుంటుంది.

అద్దె కాగితంలో సీ వ్యూ అని రాశాడు బ్రోకరు.
వంటింటి కిటికీలోంచి
మెడ కాస్త ఎడమకి తిప్పితే
పక్క డాబా మీద రెండు ట్యాంకుల సందున
చీర అంచంత నీలం.
ఆ అంచుకి నెలకి ఇరవై దీనార్లు ఎక్కువ.
మా ఆయన ఎనోష్ లెక్కగట్టి నవ్వాడు.
నేనూ నవ్వాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మాది కనిగిరి పక్క.
బోరు నీళ్ళు తాగిన పళ్ళు మావి.
పదో తరగతి గ్రూపు ఫొటోలో
ఒక్కరి పెదవులూ విడలేదు.
అలాంటి దాన్ని,
ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీలో
రాత్రంతా సీసాలు పట్టుకు నిలబడతాను.
ఉప్పెంత, ఇంకోటెంత, రాసి సంతకం పెడతాను.
తెల్లారి బస్సు దిగేసరికి
నేను సంతకం పెట్టిన నీళ్ళు నాకంటే ముందే ఇల్లు చేరి
కుళాయిలో కాచుకుని ఉంటాయి.

ఈ గొప్ప ఎదురింటి హెస్సాకి చెప్పుకోవాలని
ఎన్నాళ్ళో అరబ్బీ మాటలు కూడబెట్టాను.
సాయంత్రం గుమ్మం ముందు చాప మీద ఉంది ఆమె.
మీ ఇంట్లో నీళ్ళు నేను పంపినవే, అన్నాను.
మా తాత చేసిందీ అదే పని, అంది.

తోలుసంచి పట్టుకుని
పడవ మీంచి ఉప్పులోకి దూకి
అడుగున ఉబికే ఊటకి సంచి మూతి ఆనించి
నింపుకుని పైకొచ్చేవాడట.
సముద్రం కింద మంచినీళ్ళు!
ఆమె వాటిని హిల్వ్ అంది, తీపి అని.
మేం మంచి అంటాం, అన్నాను.
మంచి, మంచి, అని పలికి చూసుకుంది
ఖర్జూరం గింజని నాలుక మీద తిప్పినట్టు.

ఎక్కడుండేది ఆ ఊట?
ఆమె లేవలేదు. గడ్డం ఎత్తి చూపించింది.
మా బిల్డింగు.
మెట్ల కింద, పార్కింగు కింద,
లారీలతో తెచ్చి పోసిన ఇసుక కింద.
ఆమె పెళ్ళయి వచ్చిన ఏడు
సముద్రం ఈ గుమ్మం దాకా వచ్చేదట.
దాన్ని తరిమేసి, తరిమేసిన చోట నిలబెట్టి
అదిగో కనపడుతోంది అని
నా దగ్గర ఇరవై దీనార్లు!

ఆమెకి కోపమేమీ లేదు. కాఫీ పోసింది.
చాలు అనాలంటే కప్పు అటూ ఇటూ ఊపాలి.
నాలుగేళ్ళయినా మర్చిపోతాను.
అయిదు కప్పులు తాగాను.

అందుకే కాబోలు నిద్ర రాలేదు.
డ్యూటీ లేని రాత్రి. ఒంటి గంట.
దూరాన లంగరేసిన ఓడల దీపాలు
మాకంటే పెద్ద ఊరులా ఉన్నాయి.
మెట్లు దిగి, రెండు కార్ల మధ్య మోకాళ్ళ మీద కూచుని
చెవి నేలకి ఆనించాను.
పగటి వేడి ఇంకా పోలేదు.
లోపలెక్కడో గురగుర.
నేను సంతకం పెట్టిన నీళ్ళా,
సంతకం అడగని నీళ్ళా?

టార్చి వెలుగు పడింది.
వాచ్‌మన్ రుహుల్. ఏం పోయింది దీదీ, అన్నాడు.
కమ్మ, అన్నాను.
రెండు కమ్మలూ చెవులకే ఉన్నాయి.
చూశాడో లేదో,
తనూ మోకాళ్ళ మీద కూచుని
నేల తడమడం మొదలుపెట్టాడు.