సోమవారం హోంవర్క్

జెస్తాఫోనిలో, ఇనుము కరిగించే ఫ్యాక్టరీవాళ్లు
వదిలేసిన క్యాంటీన్‌లో మా జూడో చాపలు.
ఇప్పటికీ వాన పడితే గోడల్లోంచి
చిక్కుడుగింజల పులుసు వాసన.

మొదటి మూడు నెలలూ పడడమే నేర్పుతాను.
వీపు నేలను తాకేలోపు చెయ్యి నేలను చరచాలి.
గడ్డం ఛాతీకి. ఊపిరి బయటికి.
"గెలవడం ఎప్పుడు టీచర్?" అంటాడు బద్రీ,
పదకొండేళ్లు, ముందు పన్ను సగమే ఉంది.
లేవడం వచ్చాక, అంటాను.

పోయిన శుక్రవారం ఏ బుద్ధి పుట్టిందో,
హోంవర్క్ ఇచ్చాను:
ఇక్కడ నేర్చిందేదో ఒకటి
ఈ గుమ్మం దాటాక వాడండి,
సోమవారం వచ్చి చెప్పండి.

బద్రీయే ముందు చెయ్యెత్తాడు.
బడి మెట్ల దగ్గర పైతరగతివాణ్ణి
ఎత్తి పడేశాడట.
ఇరవై గుంజీలు తీయించాను.
మొహంలో పశ్చాత్తాపం ఆవగింజంత లేదు.

గోచా మంచు బిగిసిన వంతెన మీద జారాడు.
చేతిలో ముప్పై గుడ్లు.
"చెయ్యి దానంతటదే నేలను చరిచింది టీచర్."
మరి గుడ్లు?
"నాలుగు మిగిలాయి. తల పగల్లేదు.
అమ్మ మాత్రం గుడ్లే లెక్కపెట్టింది."

ఒకమ్మాయి లెక్కల ప్రశ్నపత్రానికి
వంగి దండం పెట్టి మొదలుపెట్టిందట.
రెండో ప్రశ్నకే వెల్లకిలా.

చివర్న గోడవార ఎతేరి.
బెల్టు ముడి విప్పి కట్టింది, మళ్లీ విప్పింది.
"పనిలోకి తిరిగి తీసుకునేవాళ్ల జాబితాలో
నాన్న పేరు లేదు.
వంటింట్లో కుళాయి తిప్పి, కట్టడం మరిచిపోయి
అలాగే నిలబడ్డాడు.
మీరు చెప్పారు కదా,
ఎదుటి మనిషి బరువు మీదికొస్తుంటే
తొయ్యొద్దు, లాగొద్దు,
చొక్కా చెయ్యి పట్టుకుని
ఎటు వాలుతుందో చూడమని.
పట్టుకున్నాను.
వాలాడు."

"తర్వాత? పడేశావా?" బద్రీ.

"లేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.
ఒక కాలు వెనక్కి వేసి నిలబడ్డాను."

ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్న పట్టే.
జపాను పేరుంది దానికి, గోడ మీద రాయించాను.
నేను నేర్పింది మాత్రం
మనిషిని పడగొట్టడానికి.

మార్కులు వేద్దామని తెచ్చిన నోటుబుక్కు
కిటికీలో పెట్టేశాను.
లేవండి, జతలు కట్టండి, అనబోతే
గొంతు జారింది.
గడ్డం ఛాతీకి ఆనించుకున్నాను.
ఊపిరి బయటికి.

అప్పటికే బద్రీ
మూడుసార్లు పడి లేచాడు.