రెండోసారి బిగింపు

షువైఖ్‌ల పొద్దుగాల్నే పానాలు కాలుతయి.
అబూ నాసర్ పెండ్లినాటి కాప్రీస్,
ముట్టియ్యంగనే ఉస్సుమంటది,
ఎక్కడ్నో దొంగగాలి గుంజుకుంటది.

అగరువత్తి మానిఫోల్డ్ చుట్టు తిప్పుతుంటే
"పూజనా?" అని నవ్విండు గుల్జమాన్.
మూడో పోర్టు కాడ పొగ లోపలికి వంగింది.

పాత గాస్కెట్ మాడిన అప్పడం,
పెళ్లలు పెళ్లలుగ లేసింది.
గీకిన. స్కేలు ఆనిచ్చి సందుల వెలుతురు ఎతికిన.
నడుమ బోల్టు ముందు, అటొకటి, ఇటొకటి,
అంచులు ఆఖరికి.
కోరుట్లల బీడీకి దారం చుట్టుకుంట చిన్నమ్మ అనేది:
"గట్టిగ గాదురా, సమంగ."

ఇగ ఇంజన్ మీద చాయ్ గిలాస పెట్టినా తొణకలే.
అబూ నాసర్ తాళాలకు చెయ్యి చాపిండు.
ఇయ్యలే.
"కాగింది చల్లారాలె. రేపు ఇంకోసారి బిగియ్యాలె."

నడిరాత్రి లేసి
బానెట్ మీద చెయ్యేసి చూసిన.
ఇంక వెచ్చగనే ఉన్నది.