అడుగుల లెక్క

బోరుబండి మీద అడుగులు రాసే పని నాది.
పది అడుగులకు ఒక గీత,
రాయి మారితే పక్కన ఒక మాట:
ఎర్రమన్ను, మొరం, నల్లరాయి, తెల్లపొడి.
బిల్లుబుక్కు వెనకపక్క
ఇంకో లెక్క ఉంటది, సేటుకు తెల్వదు.
అండ్ల నా మాటలు రాస్త.
కొన్ని నిలవడతయి. మస్తు కొట్టేస్త.

మొన్న మర్రిగూడ అవతల, ఈదమ్మ చెలక.
బత్తాయి చెట్లు ఎండితే
కట్టెలకు అమ్ముకున్న రెండెకరాలు.
అంతకుముందు మూడు బోర్లు పోయినయి,
మూతులకు గోనెసంచులు కట్టి రాళ్లు పెట్టింది.
అడుగుకు ఐదు రూపాయలు తగ్గియ్యమని
పొద్దంత సేటుతోని బేరమాడింది.

పాయింటు చూడనీకి గాలయ్య వచ్చిండు.
అరచేతిల కొబ్బరికాయ పండవెట్టి
చెప్పులిడిచి నడిచిండు.
గట్టు కాడ ఆగలే, తంగేడు పొద కాడ ఆగలే.
వాయిలి చెట్టు పక్కపొంటి,
పండుకున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచినట్టు
కాయ నిలవడ్డది.

"నువ్వే లేపినవు గదనే," అన్న.
కోపానికి రాలే.
"నేను లేపలే బిడ్డా.
గని నేను లేకుంటె లేస్తదా?"
బీడి ముట్టిచ్చిండు.

రాత్రి మిషను మోతల గదే సోచాయిస్తున్న.
నలభై ఏండ్లు చెలకలు తిరిగిన కాళ్లు.
ఏ పుట్ట ఎందుకు ఆడ్నే పెరిగిందో,
నడి ఎండకాలంల ఏ గడ్డి పచ్చగుంటదో,
కన్ను చూసింది, నోటికి చెప్పలే.
చేతికి చెప్పిందేమో.
చెయ్యి కాయకు చెప్పిందేమో.
గాలయ్యకే ఎవ్వరూ చెప్పలే.

నాదీ గదే కత.
పదిహేను దినాలసంది ఒక్క పోలిక కోసం చూస్తున్న.
మా నాయిన నడక.
ఈ నీళ్లే తాగి తాగి వంగిన మోకాళ్లు.
విల్లు అని రాసి కొట్టేసిన.
కొడవలి అని రాసి కొట్టేసిన.
కావాలని కూసొని తవ్వితే దుమ్మే లేస్తది.

నూటరవై. నల్లరాయి.
రెండొందల పది. నల్లరాయి.
తిరుచెంగోడు పిల్లగాడు సెల్వం
రాడ్డుకు రాడ్డు బిగిస్తున్నడు.
దుమ్ముకు అందరి తలలూ నెరిసినయి.
రెండొందల డెబ్బై కాడ నాకు కన్నంటింది.

లేచి చూస్తే
గీతలు తప్పకుంట పడ్డయి,
నిద్రల గూడ చెయ్యి డ్యూటీ చేసింది.
గీతల నడుమ, బుక్కు ముందటిపక్కనే,
నా వంకరటింకర రాత:

నాయిన నడుస్తుంటె
నేల కిందికి పిలుస్తున్నట్టు,
ఇప్పుడే రానని ఆయన
అడుగడుగుకు బతిమాలుకుంటున్నట్టు.

నేను రాయలే.
గని నేను లేకుంటె

బుస్సుమన్నది బోరు.
మూడొందల ఇరవై. నీళ్లు!
సెల్వం తమిళంల ఒర్రుతున్నడు.
ఈదమ్మ తడుసుకుంట నిలవడ్డది,
ఏడుస్తలేదు, నవ్వుతలేదు.
గాలయ్య ఒక్కడే చెంబు అడిగిండు.
గుక్కెడు పుక్కిలించి ఉమ్మిండు.
"పడుడు పడ్డయి. తాగేటియా కావా
నా కాయకు తెల్వదు.
సీసల పట్టి నల్లగొండకు పంపుండ్రి."

సీస నేనే తీస్కపోయిన,
బస్సుల, ఒళ్లె పెట్టుకొని.
దారి పొడుగూత ఆ నాలుగు పంక్తులే చదువుకున్న.
చండూరు దాటినంక
'బతిమాలుకుంటున్నట్టు' కొట్టేసిన.
మా నాయిన ఎవ్వర్నీ బతిమాలలే,
చావును గూడ.
నల్లగొండ గుట్టలు కనవడేసరికి
'బేరమాడుతున్నట్టు' అని రాసిన.
ఇది మాత్రం కండ్లు తెరిచి, తెలివితోని,
అచ్చంగ నేనే రాసిన.
ఆ మాట యాడనో విన్నట్టుంది,
ఎంతకూ యాదికి రాలే.

ల్యాబుల మేడం సీస ఎత్తి
ఎలుగుకు పెట్టి చూసింది.
తేటగనే ఉన్నయి.
"తేటగుంటె ఏమైతది," అన్నది,
కాయితం మీద పెన్ను పెట్టి.
"ఎంత లోతు?"
చెప్పిన.
"ఎవరియి ఈ నీళ్లు?"

వెనక లైనుల ఎవరో దగ్గిన్రు.
జెర్రసేపు నోరు రాలే నాకు.