పంటి బిగువు

పోర్తోలో మెట్ల వీధిలో, చేపల కొట్టు పై అంతస్తున
గ్రసియేట్‌కి ఒక చిన్న ల్యాబు.
మనుషులు రారక్కడికి.
వాళ్ళ దవడలొస్తాయి, అట్టపెట్టెల్లో, అచ్చులుగా.
ఆమె తెల్ల ప్లాస్టర్ పోసి
ఆరేదాకా రేడియోలో ఫుట్‌బాల్ వింటుంది.

నూట పద్దెనిమిదో నంబరు దవడ
ఈ ఏడు ఇది మూడోసారి.
కోరపళ్ళకి మొనల్లేవు.
ముందు పళ్ళు నాలుగూ ఒకే ఎత్తు,
ఎవరో స్కేలు పెట్టి కోసినట్టు.
వెనక దంతంలో వెంట్రుకంత బీట,
వేడి టీ పోసినప్పుడల్లా ఇంకాస్త సాగే
పింగాణీ కప్పు పగుల్లాగా.
చిగురు దగ్గర ఒక గాటు,
చెట్టు మొదట్లో గొడ్డలి పెట్టే మొదటి గాటు.

డాక్టరు చీటీ:
"రాత్రిళ్ళు పళ్ళు నూరతాడు. తనకి తెలీదంటాడు.
పొద్దున్నే కణతల నొప్పి. చన్నీళ్ళు తాగలేడు.
భార్య పక్కగదికి మారింది.
పాత తొడుగు కొరికేశాడు."

ఆ తొడుగుని దీపానికెత్తి చూసింది.
గట్టి రెసిన్, రెండు మిల్లీమీటర్లు.
కుడివైపు చిల్లు.
చిల్లులో కిటికీ, కిటికీలో నది,
నది మీద ఎవరిదో పడవ.

పంటి బిగువున భరించాడు అనేస్తాం,
ఎంత తేలిగ్గానో.
ఆ బరువెంతో పంటిని అడగం.
ఒంట్లో అన్నిటికన్నా గట్టి సరుకది.
గోరు పెరుగుతుంది, జుట్టు పెరుగుతుంది,
కట్టకపోతే అప్పూ పెరుగుతుంది.
ఇది పెరగదు.

శనివారం, రొట్టెల కొట్టు క్యూలో
ముందు మనిషి చెవి కింద
చర్మం లోపల ఎలుకపిల్ల కదిలినట్టు
కండ కదిలింది. ఆగింది. కదిలింది.
ట్రాము డ్రైవరు యూనిఫాం.
వెనకున్న ముసలామెకి తన వంతు ఇచ్చేశాడు.
చిల్లర తప్పిచ్చిన పిల్లతో "పర్లేదు" అన్నాడు.
నవ్వాడు.
నాలుగు పళ్ళు, ఒకే ఎత్తు.

పలకరించొచ్చు.
కానీ "మీ దవడ నా బల్ల మీదుంది" అని
ఎవరితోనైనా ఎలా అంటాం?
వేడి రొట్టె గుండెకి అదుముకుని మెట్లెక్కింది.

ఈసారి మూడు మిల్లీమీటర్లు పోసింది.
బొటనవేలితో తడిమి తడిమి
అంచులు నున్నగా చేసింది.
అరిగేదేదో ఇదే అరగనీ, మనిషి బదులు.

లైటార్పబోతూ అద్దంలో
నాలుక చాపి చూసుకుంది.
అంచు పొడుగునా పళ్ళ అచ్చులు,
బిస్కెట్టు అంచులా.
ఎప్పట్నుంచో.

దవడ వదిలింది.
పెదాలు మూసి, పళ్ళు ఒకదానికొకటి తగలకుండా,
ఎన్ని చీటీల్లో చదివి పక్కన పడేసిందో ఆ సలహా.
ఎంతసేపుంటుందో చూద్దామని
గడియారం వైపు తిరిగింది.

పదకొండు సెకన్లు.