ఇసుక మీద దంతె

ఆగస్టు మూడోవారం, లాత్వియాలో పాపే తీరం.
తూర్పుగాలి తిరిగిందంటే చాలు
వల మూతి దగ్గర డబ్బా టిక్కుటిక్కుమంటుంది.
మనకందని కేకల్ని
మన చెవి ఎత్తుకు దించే యంత్రం అది.
పొయ్యిలో పడ్డ ఉప్పుకల్లులా మొదలై
చిక్కబడి, చిక్కబడి,
అర్ధరాత్రికి లెక్కపెట్టడం నా వల్ల కాదు.

గబ్బిలం అంటే పెద్దదనుకుంటారు.
ఇది అర తులం మీద కాస్త మొగ్గు.
గుడ్డసంచిలో తూచి, సంచి బరువు తీసేస్తే
మిగిలేది ఏడు గ్రాములు, ఆపైన నలుసంత కోపం.
వేలు కొరుకుతుంది. కొరకనీ.
రెక్క విప్పి దీపానికి అడ్డం పెడతాను.
వేలి కణుపుల్లోంచి వెలుగు దూరితే
ఈ వేసవి పిల్ల.
ఎముక ఇంకా ముదరలేదు,
దారి మాత్రం ఎప్పుడో ముదిరి ఉంది లోపల.
ఎవరు చెప్పారే నీకు
దక్షిణం అంటే ఏ వైపో?

దీపం పట్టుకునేది ఇల్గ్వార్స్.
డెబ్భై తొమ్మిదేళ్ళు. జీతం లేదు, కాఫీ, నల్లరొట్టె.
ఉంగరం గోరుముక్కంత. ముంజేతికి తొడిగి
అంకె పైకి చదువుతాను, ఆయన మళ్ళీ చదువుతాడు,
అప్పుడు పుస్తకంలోకి.
నూటికి తొంభైతొమ్మిది మళ్ళీ ఎవరి కంటా పడవు.

పోయిన చలికాలం ఒక ఉత్తరం.
ఫ్రాన్సు దక్షిణాన ఎవరో కట్టెల మోపు విప్పుతుంటే
ముడుచుకున్న చిన్న మూట, ఉంగరం మీద అంకె ఇదీ,
బతికే ఉంది, కట్టెలు మళ్ళీ కప్పేశాం, అని.
ఆ ఊరి పేరు ఇల్గ్వార్స్ నా చేత మూడుసార్లు చదివించాడు.
పటం మీద వేలు జరిపాడు,
లిథువేనియా, పోలండ్, జర్మనీ...
గీత తగిలిన చోటల్లా ఆగి,
అటూ ఇటూ చూసి, దాటి.
"అయితే కాగితాలు ఎవరూ అడగలేదన్నమాట."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయనకు జీతం ఉన్న రోజుల్లో ఆ జీతం ఈ ఇసుక మీదే.
పొద్దుగూకగానే ట్రాక్టరుకి దంతె కట్టి
నీటి అంచు వెంబడి తోలేవాడు,
తీరమంతా దువ్విన తలలా చారలు తేలేదాకా.
తెల్లారి సరిహద్దు సిపాయిలు వచ్చి చూసేవారు.
చార చెదిరిందంటే ఎవడో సముద్రంలోకి పోయినట్టు,
లేదా సముద్రంలోంచి వచ్చినట్టు.

"నక్క జాడ, కొంగ జాడ. ఒక ఏడు దుప్పి జాడ,"
అని చెప్తుండేవాడు.
మనిషి జాడ గురించి నేనెప్పుడూ అడగలేదు.
మొన్న తానే అన్నాడు, రొట్టె నములుతూ.
ఆడమనిషి పాదం. చెప్పుల్లేవు.
ఒకటే వరస, నీళ్ళవైపు.
తిరుగు వరస లేదు.
"సిపాయిల కంటే ముందు నేను చూశాను.
దంతె ఇంకోసారి తోలాను."

కాఫీ అడుగున మిగిలిన మడ్డి పారబోసి
"అప్పుడూ ఇవి వెళ్తూనే ఉండేవి, కదూ, నెత్తి మీదుగా?"
వెళ్తూనే ఉండేవి, అన్నాను.
"మేం కిందికే చూసేవాళ్ళం."

నిన్న రాత్రి నాలుగు వందల పన్నెండు.
పదమూడోది,
ఉంగరం ఇంకా పట్టకారులోనే ఉంది,
వేళ్ళ సందుల్లోంచి జారింది.
తూచలేదు, కొలవలేదు, ఆడో మగో చూడలేదు.
దానికీ పుస్తకంలో ఒక గడి ఉంది,
'తప్పించుకుంది' అని రాయాలి. పద్ధతి అది.
పెన్ను మూత తీశాను.

ఇల్గ్వార్స్ దీపం ఆర్పేశాడు.

చీకట్లో సముద్రం. డబ్బా టిక్కులు.
పైన్ బంక వాసన. ఆయన దగ్గు.
"నాకేం కనబడలేదు," అన్నాడు.