ముస్తాబు బోను

పందొమ్మిదేళ్లుగా బోనులు అమ్ముతున్నాను,
పోటీ పశువుల బోనులు.
ఇందులో నిలబెట్టి దువ్వుతారు, కత్తిరిస్తారు,
కాళ్ల వెంట్రుకలకు జిగురు పట్టించి పైకి లేపుతారు,
ఉన్న ఎముకను కొంచెం ఎక్కువ చేసి చూపిస్తారు.
అబద్ధం కాదది, ముస్తాబు.
ఆదివారం చర్చికి బయల్దేరేముందు అందరం చేసేదే.

గ్రాండ్ ఐలాండ్ సంత. మార్చి బురద.
నా డేరా ముందు తొమ్మిది బోనులు వరసగా,
పళ్లు తోముకుని నిలబడ్డ పిల్లల్లా.
వచ్చినవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే:
అల్యూమినియమా, ఉక్కా?
చక్రాలున్నాయా? మడిస్తే ట్రైలర్లో పడుతుందా?
ఎరుపులో దొరుకుతుందా?

ఆర్లిస్ కుచేరా ఏదీ అడగలేదు.
చేతితొడుగు విప్పి, మెడపట్టె గొళ్లెం వేసింది, తీసింది,
మళ్లీ వేసింది,
కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి వింటారే, అలా విని
"ఇది అరుస్తుంది" అని
పక్కదానికి జరిగింది.

వెనక మనవడు టోబిన్, పదకొండేళ్లుంటాయి.
చేతిలో తలుగు, తలుగు చివర ఏమీ లేదు.
పెయ్య ఇంటిదగ్గరుందట, పేరు జూనిపర్,
నల్లది, నుదుట ఒకటే సుడి.
పోయిన ఆగస్టులో ఎవరిదో అరువు బోనులో
ఇనుప నేలమీద కాలు జారి మోకాళ్లు దోక్కుపోయాయట.
అప్పట్నుంచి గేటు చప్పుడైతే చాలు
నాలుగు కాళ్లూ నేలలో పాతేస్తుందట.
ఇదంతా వాడు నాతో కాదు, తలుగుతో చెప్పాడు.

"ఇది పట్టుకో" అని టోపీ నా చేతిలో పెట్టి
ఆవిడ బోనులోకి ఎక్కింది.
అరవై ఎనిమిదేళ్ల మనిషి,
నడుం వంచి, రెండు చేతులూ ముందు కడ్డీమీద ఆనించి,
మెడ చాపి,
"మూయరా" అంది.

వాడు నావంక చూశాడు. నేను బూట్లవంక చూసుకున్నాను.
మూశాడు.
పక్క కొట్టు రస్టీ నోట్లో సాసేజీతో నవ్వబోయి
మానేశాడు.
"బ్లోయరు పెట్టు."
పెట్టాను. నెరిసిన జుట్టు ఒక్కసారిగా లేచింది.
కళ్లు మూసుకుంది, తెరిచింది.
"ఈ పలకల సందులోంచి నీ జెండా కొట్టుకుంటోంది,
నేనైతే దానికే తన్నేదాన్ని."
వెళ్లి జెండా చుట్టేశాను.

నాలుగు బోనులు ఎక్కి దిగింది.
మూడోదానికల్లా టోబిన్
నిద్రపోతున్న ఇంట్లో తలుపేసినట్టు
గొళ్లేన్ని అరచేత్తో ఆపి వేయడం నేర్చాడు.
ఎడమచేతివాటం వాడిది. నా గొళ్లేలన్నీ కుడివైపే.
పందొమ్మిదేళ్లలో ఆ సంగతి
నాకు తట్టనేలేదు.

చివరికి ఆవిడకు నచ్చింది తొమ్మిదింటిలో లేదు.
డేరా వెనక, నేను కాఫీ ఫ్లాస్కు పెట్టుకునే
పాత చెక్క నేల బోను.
ఒక చక్రం సొట్ట, రంగు ఎప్పుడో పోయింది,
గొళ్లెం ఎటునుంచైనా పడుతుంది.
"అది అమ్మకానికి కాదు" అన్నాను.
"నీకు దాన్లో ఏం పని?" అంది.
నేను జవాబు వెతుక్కుంటుంటే
నాలుగొందల డాలర్లు లెక్కపెట్టి ఫ్లాస్కు కింద పెట్టింది.

ట్రైలర్లోకి ఎక్కించేముందు
టోబిన్ ఆ ఖాళీ తలుగును బోనులోంచి ఒకసారి నడిపించాడు,
"రా, రా, ఏం లేదు" అంటూ.

సాయంత్రం డేరా దించుతూ
ఉన్నవాటిలోకెల్లా ఖరీదైనదాని గొళ్లెం వేశాను.
మళ్లీ వేశాను.
టోపీ నా తలమీద ఉంది,
ఆవిడది.