చుక్క పెట్టిన గడి

రాయగడ స్టేషను రోడ్డులో
మందుల షాపు పై అంతస్తు మా ఆఫీసు.
పదహారు కంప్యూటర్లు, ఒకటే ఫ్యాను.
జీతం తొమ్మిదివేల రెండొందలు,
తప్పులు నూటికి రెండు దాటితే అందులోంచే కోత.

కొండల మీంచి రిజిస్టర్లు గోనెసంచుల్లో దిగుతాయి.
తడిసి ఉబ్బినవి, పసుపు చేతులు పడినవి.
ఒక పేజీలో చీమ నలిగిపోయి కామాలా ఉంది.
వాటిలో ఒడియా అక్షరాలు
గొడుగులేసుకుని బారులు తీరి నడుస్తుంటాయి.
నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
తెర మీద ఇంగ్లీషు.
లకి వడక. సింగారి కద్రక.
ఇన్ని ఏళ్లు దాటి వచ్చేసరికి
సింగారి రెండుసార్లు సింగర్ అయిపోయింది. దిద్దాను.

బరువు ముప్పై ఎనిమిది. రక్తం ఏడున్నర.
కాన్పులు అయిదు, ఉన్నవాళ్లు ముగ్గురు.
వేళ్లు ఆగకూడదు,
ఆగితే మూలనున్న గడియారం ఎర్రబడుతుంది.

పుట్టిన తేదీ దగ్గర ఆగుతాయి.
ఆ గడి పక్కన చిన్న ఎర్ర చుక్క.
ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వదు.
ఆశా దీదీ రాసిందేమో
'పెద్ద వరదకి ముందు',
'ఇప్పపూలు రాలుతున్నప్పుడు',
ఒకచోట ఊరికే 'వాళ్ల అన్న తర్వాత'.

టీమ్ లీడరు పట్నాయక్ వెనకనించి వంగి,
జనవరి ఒకటి కొట్టేయ్, అందరూ అదే కొడతారు, అన్నాడు.
కొట్టాను.
అలా కల్యాణసింగుపురం కొండలన్నీ
ఒకే తెల్లారి నా చేతుల్లో పుట్టాయి.
ఏ మంత్రసానికీ అంత పని పడి ఉండదు.

నేను మరిచిపోయాను. సిస్టమ్ మరవలేదు.
జనవరి ఒకటి, పొద్దున్న ఆరింటికి
పుట్టినరోజు శుభాకాంక్షలు పంపడం మొదలెట్టింది.
ఊరందరికీ ఉన్నది ఒక్క నంబరే, దీదీది.
నూట నలభై మూడు మెసేజీలు.

పదింటికి ఆఫీసు ఫోను నేనే ఎత్తాను.
సబిత మినియాక. గొంతులో కోపం లేదు.
'అమ్మా, లకి పోయి రెండేళ్లయింది.
ఆమెకీ వచ్చింది.
వాళ్లాయన ఇక్కడే కూర్చున్నాడు.
ఒకసారి చదివాను. మళ్లీ చదవమంటున్నాడు.'

నా ముందున్న కాగితంలో
దీనికి జవాబు లేదు.
చదవండి, అన్నాను.
అటు ఫోను పెట్టెయ్యలేదు.
లకి పేరు, మా కంపెనీ పేరు,
ఆరోగ్యంగా ఉండండి అన్న ముక్క,
కుయిలోకి మారి
కోడి కూతల మధ్య వినబడ్డాయి.

మర్నాడు మీటింగులో పట్నాయక్ దారి కనిపెట్టాడు:
జనవరి ఒకటి వద్దు, అన్నీ జులై ఒకటికి మార్చండి.
మంచిదే.
జులైలో జనమంతా చోడి చేలల్లో ఉంటారు,
వానకి టవరు పడుకుంటుంది,
ఎవరి పుట్టుకా ఎవరికీ అందదు.

మధ్యాహ్నానికి ఆ ఊరు మార్చేశాను,
ఒక్క లకి వడకని తప్ప.
వచ్చే జనవరికి ఆయన వచ్చి కూర్చుంటాడు.

ఈ నెల నా తప్పులు ఒకటీ పాయింటు తొమ్మిది.
ఇంకొకటి పడుతుంది.